కుట్టుపనితో దత్తత ఖర్చు కూడబెట్టడం: మొదటి లెక్క నుంచి చివరి ఆర్డరు దాకా

దత్తతకు సిద్ధపడ్డ చాలామందిని మొదట భయపెట్టేది ఫీజుల పట్టిక. మనసులో నిర్ణయం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇంట్లోవాళ్లూ సరేనంటారు. తీరా హోమ్ స్టడీ (దత్తతకు ముందు మీ ఇంటినీ ఆదాయాన్నీ పరిశీలించే ప్రక్రియ), లాయరు, పత్రాలు, ప్రయాణాలు అంటూ ఖర్చులు వరుసకట్టేసరికి అడుగు ముందుకు పడదు. ఇంట్లో కుట్టు మిషన్ ఉండి, చేతిలో పని ఉన్నవాళ్లు అందులో కొంత భాగం తామే సంపాదించుకోవచ్చు. మొత్తం ఖర్చు దీంతోనే గట్టెక్కుతుందని చెప్పను. వేన్నీళ్లకు చన్నీళ్లలా, జీతానికీ పొదుపుకూ తోడుగా ఇది బాగా పనిచేస్తుంది.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. మీరు అమ్మేది మీరు కుట్టిన సంచిని. రాబోయే బిడ్డ కథను కాదు. ఏం కుట్టాలి, ఎంతకు అమ్మాలి, కార్డు మీద ఏం రాయాలి అన్నవన్నీ ఈ తేడా మీదే ఆధారపడతాయి.

1. ఫీజుల పట్టికను విడదీయండి

దత్తత సంస్థ ఇచ్చిన మొత్తం అంకెను చూస్తూ కూర్చోకండి. దాన్ని దశలుగా విడగొట్టండి: దరఖాస్తు, హోమ్ స్టడీ, పత్రాల సేకరణ, ధ్రువీకరణ, అనువాదం, న్యాయ ఖర్చులు, ప్రయాణం, బిడ్డ ఇంటికి వచ్చాక జరిగే సందర్శనల రుసుము. ఒక్కో దానికి ఎంత, ఎప్పుడు కట్టాలి, ఏదైనా కారణంతో ప్రక్రియ ఆగిపోతే అందులో ఎంత తిరిగి వస్తుంది అన్నవి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. మూడో ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడగాల్సిందే.

దత్తత ఏ దారిలో అన్నదాన్ని బట్టి కూడా ఖర్చు చాలా మారుతుంది. కొన్ని దేశాల్లో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలను దత్తత తీసుకోవడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. కొన్నిచోట్ల పన్ను రాయితీయో, యజమాని ఇచ్చే సాయమో, వడ్డీ లేని అప్పో దొరకవచ్చు. ముందు వాటన్నిటినీ విచారించి, మిగిలిన ఖాళీ ఎంతో చూసుకుని, అప్పుడు మిషన్ ముందు కూర్చోవడం మేలు.

ఆ ఖాళీలోంచి ఒక్క దశను ఎంచుకోండి. "దత్తత ఖర్చంతా" అనే లక్ష్యం మనిషిని అలసటకు గురిచేస్తుంది. "హోమ్ స్టడీ రుసుము", "పత్రాల అనువాదం" లాంటి లక్ష్యం అయితే కళ్లెదుటే నిండుతూ కనిపిస్తుంది. కొనేవాళ్లకు చెప్పుకోవడానికీ అదే సూటిగా ఉంటుంది.

2. డబ్బు ఎక్కడికి పోకూడదో తెలుసుకోండి

కుట్టు గురించి రాస్తూ ఇది ఎందుకు అనుకోవద్దు. కష్టపడి పోగేసిన డబ్బు తప్పుడు చేతుల్లో పడకూడదు. దేశాల మధ్య జరిగే దత్తతలకు 1993 మే 29న కుదిరిన హేగ్ ఒప్పందం ఉంది. 1995 మే 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని 32వ అధికరణ ప్రకారం ఇందులో ఎవరూ అనుచితంగా లాభపడకూడదు. అయిన ఖర్చులు, సంబంధిత వృత్తినిపుణులకు ఇచ్చే సమంజసమైన రుసుములు మాత్రమే వసూలు చేయవచ్చు. బిడ్డను దత్తతకు ఇవ్వడానికి కన్నవాళ్లు చెప్పే అంగీకారం డబ్బు ఆశతో రాబట్టింది కాకూడదని 4వ అధికరణ అంటుంది. పిల్లల హక్కులపై 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంలోని 21వ అధికరణ కూడా దత్తతలో బిడ్డ మేలే అన్నిటికంటే ముందుండాలని చెబుతుంది.

కాబట్టి రసీదు లేని "విరాళం" అడిగినా, కొంత ఇస్తే పని త్వరగా అవుతుందన్నా, నేరుగా కన్నతల్లి చేతికి డబ్బు ఇవ్వమన్నా అక్కడితో ఆగిపోండి. ఎంత ఆశ ఉన్నా సరే.

మీ సంస్థకో, మీ కేసు చూసే సామాజిక కార్యకర్తకో ఒక ప్రశ్న వేయండి: "దత్తత ఖర్చుల కోసం మేం కుట్టిన వస్తువులు అమ్ముకోవచ్చా? ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు?" కొన్ని సంస్థలకు దీని మీద సొంత నియమాలు ఉంటాయి. హోమ్ స్టడీలో మీ ఆదాయం, అప్పులు, పొదుపు అన్నీ చూస్తారు. ఇంటి రోజువారీ ఖర్చు జీతంతో గడుస్తోందని, కుట్టుపని అదనమని కాగితం మీద కనబడాలి.

3. ఏం కుట్టాలి

కుట్టడం వచ్చినవాళ్లకు చేయాలనిపించేది ఒకటి, అమ్ముడయ్యేది ఒకటి. పెద్ద బొంతలు, అతుకుల దుప్పట్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ గంటకు మిగిలేది తరచుగా వాటిలోనే తక్కువ.

ఒక ఊహ లెక్క వేద్దాం. ఏ దేశపు డబ్బైనా అనుకోండి. జుట్టుకు పెట్టుకునే స్క్రంచీకి 10 నిమిషాలు పట్టి, ఖర్చులు పోగా 15 మిగిలితే గంటకు 90 వచ్చినట్టు. జిప్పు పౌచుకు 50 నిమిషాలు పట్టి 60 మిగిలితే గంటకు 72. దుప్పటికి 20 గంటలు పట్టి 900 మిగిలితే గంటకు 45. 900 అన్న అంకె పెద్దది కాబట్టి దుప్పటే లాభం అనిపిస్తుంది, లెక్క మాత్రం తిరగబడుతుంది. మీ అంకెలు వేరుగా ఉంటాయి. అయినా ప్రతి వస్తువుకూ ఈ గంట లెక్క వేసి తీరాలి.

అలాగని స్క్రంచీలే కుట్టుకుంటూ పోతే కుదరదు. వాటిని ఎన్నని కొంటారు? నా అభిప్రాయంలో మూడు రకాలు చాలు. తుక్కు బట్టతో అయ్యే చిన్న వస్తువు ఒకటి. రోజూ వాడుకునేది, కానుకగా ఇవ్వదగినది మధ్యస్థంగా ఒకటి: జిప్పు పౌచు, మడిచి పెట్టుకునే సంచి, ఏప్రాన్ లాంటివి. ఆర్డరు మీద మాత్రమే కుట్టే పెద్ద వస్తువు ఒకటి. ఇరవై రకాలు పెట్టుకుంటే ప్రతిదానికీ వేరే జిప్పు, వేరే కొలత, వేరే పాటర్న్ (కత్తిరింపు నమూనా) కావాలి. సరుకంతా అల్మరాలో పేరుకుపోతుంది, చేతికి వేగం రాదు.

మొదలుపెట్టే ముందు మరో లెక్క. ఒక దశకు 30,000 కావాలి, పౌచుకు 60 మిగులుతుంది అనుకుంటే 500 పౌచులు కుట్టాలి. 50 నిమిషాల చొప్పున దాదాపు 417 గంటలు. వారానికి 10 గంటలు కూర్చోగలిగితే 42 వారాలు. ఇది చూసి నీరసపడొద్దు. కట్టాల్సిన తేదీకి ఇంకా అన్ని వారాలున్నాయా, లేకపోతే లక్ష్యంలో సగమే పెట్టుకోవాలా, కుట్టగలిగే స్నేహితుల్ని పిలవాలా అన్నది ఇప్పుడే తేలుతుంది.

4. బట్ట, సూది, దారం

నూలు బట్టను కత్తిరించే ముందే తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేయండి. మామూలు నూలు బట్ట 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకుపోవచ్చు. పైబట్ట కుంచించుకుని లైనింగు అలాగే ఉంటే, కొన్నవాళ్లు మొదటిసారి ఉతికిన రోజే పౌచు మెలితిరుగుతుంది. ముదురు ఎరుపు, నీలం లాంటి రంగులైతే తడిగా ఉన్నప్పుడు తెల్లగుడ్డతో అద్ది చూడండి. రంగు దిగితే ఆ బట్టను అమ్మకానికి వాడొద్దు.

సూది విషయంలో పిసినారితనం పనికిరాదు. మామూలు నూలుకు 80/12 సైజు, బక్రం (బట్ట బిగువుగా నిలవడానికి లోపల వేసే పొర) వేసిన పొరలకూ కాన్వాసుకూ 90/14, డెనిమ్‌కు 100/16. దాదాపు 8 గంటల కుట్టుకు ఒకసారి సూది మార్చాలి. టకటకమని శబ్దం మారినా, కుట్లు తప్పిపోతున్నా ముందు మార్చి చూడాల్సింది సూదినే. దారం మంచి పాలియెస్టర్‌ది తీసుకోండి. పాత నూలుదారం రీళ్లు ఇంట్లో ఉంటే కచ్చా కుట్టుకు వాడుకోవచ్చు. సంచి పట్టీకి వేస్తే బరువుకు పుటుక్కున తెగుతుంది.

బట్ట మీద వచ్చే లాభం కత్తిరింపులోనే ఉంది. జిప్పు పౌచుకు 24 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల ఎత్తు ముక్కలు కావాలనుకోండి. తడిపి ఆరబెట్టి, పక్క అంచులు తీసేశాక బట్ట 110 సెంటీమీటర్ల వెడల్పు, 1 మీటరు పొడవు ఉంది. వెడల్పులో 24 చొప్పున 4 ముక్కలు, పొడవులో 18 చొప్పున 5 వరుసలు వేస్తే 20 ముక్కలు వస్తాయి. అదే ముక్కను అడ్డం తిప్పి వేస్తే వెడల్పులో 18 చొప్పున 6, పొడవులో 24 చొప్పున 4 వరుసలు, మొత్తం 24 ముక్కలు. పౌచుకు పైబట్ట 2 ముక్కలు కాబట్టి ఒకే మీటరులో 10 బదులు 12 పౌచులు. అయితే బొమ్మలకు పైనా కిందా ఉన్న డిజైను అయితే తిప్పడం కుదరదు. చెట్లు, పిట్టలు పక్కకు పడుకుంటాయి. అందుకే చిన్న పూలు, చుక్కలు, గళ్లలాంటి ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉండే డిజైన్లు ఎక్కువగా కొనండి. దిక్కున్న డిజైను కొంటే దాని ధరలోనే ఆ నష్టం వేసుకోండి.

పేరున్న కార్టూన్ పాత్రలు, కంపెనీ గుర్తులు ఉన్న బట్టతో కుట్టి అమ్మడం చట్టపరంగా చిక్కు తెచ్చిపెట్టవచ్చు. మామూలు డిజైన్లకే పరిమితం కండి. కొన్న పాటర్న్ వాడుతుంటే, దాంతో కుట్టినవి అమ్ముకోవచ్చో లేదో దానిమీదే రాసి ఉంటుంది. చదవండి.

5. పది పౌచులు ఒక్కసారిగా

ఒక్కో పౌచూ మొదటి నుంచి చివరిదాకా కుట్టకండి. పదింటినీ కలిపి ఒక్కో పని పూర్తి చేయండి. ఒక పూట కత్తిరింపు అంతా. మరో పూట బక్రం అంటింపు అంతా. ఆ తర్వాత జిప్పులు, చివర్లో పక్కలు. ప్రతి దశకూ మిషన్ పాదం (బట్టను అదిమిపట్టే భాగం) మార్చడం, దారం మార్చడం, ఇస్త్రీ పెట్టె వేడెక్కేదాకా ఆగడం పదిసార్లు కాకుండా ఒక్కసారే అవుతాయి.

పౌచు పనితనం చూసేవాళ్లు ముందుగా చూసేది జిప్పు చివరలు. అక్కడే చాలా పౌచులు దెబ్బతింటాయి. మూల లోపలికి కుంగిపోయి, బట్ట ముద్దగట్టి కనిపిస్తుంది. కారణం ఒక్కటే: జిప్పు పట్టీ పక్క కుట్టులోకి పోయి అక్కడ పొరలు ఎక్కువైపోతాయి. దీనికి ఇలా చేయండి.

జిప్పును పౌచు వెడల్పు కంటే 3 సెంటీమీటర్లు తక్కువకు కత్తిరించండి. జిప్పు రెండు చివరలకూ అదే బట్టతో చిన్న మడత ముక్క తొడిగి కుట్టేయండి. ఇప్పుడు రెండు పక్కలా కుట్టులోకి పోయేది మెత్తటి బట్ట మాత్రమే, జిప్పు పళ్లు కాదు. పైబట్ట మంచివైపు మీద జిప్పును బోర్లించి, దాని మీద లైనింగు మంచివైపు కిందికి పెట్టి, మూడు పొరలనూ కలిపి జిప్పు పాదంతో కుట్టండి. కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు. జిప్పు రన్నరు దగ్గరికి వచ్చినప్పుడు సూదిని బట్టలో దించే ఉంచి, పాదం ఎత్తి, రన్నరును వెనక్కి జరిపి మళ్లీ మొదలుపెట్టండి. అప్పుడు కుట్టు వంకర పోదు.

రెండో వైపూ అలాగే. తర్వాత రెండు బట్టలనూ జిప్పుకు దూరంగా మడిచి ఇస్త్రీ చేసి, జిప్పు పక్కనే పైనుంచి 3 మిల్లీమీటర్ల పొడవు కుట్టు వేయండి. ఈ కుట్టు ఉంటే లైనింగు జిప్పులో ఇరుక్కోదు. పక్కలు కుట్టే ముందు జిప్పును సగం తెరిచి ఉంచాలి. లేకపోతే పౌచును బయటికి తిప్పడానికి దారి ఉండదు. పక్కల దగ్గర జిప్పు పళ్లు లైనింగు వైపుకు వంగేలా మడిచి పిన్నులు పెట్టండి. లైనింగు అడుగున 8 సెంటీమీటర్ల మేర కుట్టకుండా వదిలి, అందులోంచి తిప్పి, ఆ సందును మూసేయండి. మూలలు చాప్‌స్టిక్ లాంటి మొద్దు పుల్లతో నెట్టండి, కత్తెర మొనతో కాదు.

ఆఖరున ప్రతి పౌచూ వెలుతురులో పట్టుకుని చూడాలి. వేలాడే దారాలు, చాక్ గీతలు, తప్పిన కుట్లు. జిప్పు పదిసార్లు లాగి చూడాలి. నచ్చనిది పక్కన పెట్టేయాలి. దత్తత కోసం కదా, సర్దుకుపోతారులే అనే ఆలోచన ఇక్కడ రానివ్వకండి. కొన్నవాళ్లు దాన్ని రోజూ వాడతారు. ఆ వాడకమే రెండో ఆర్డరు తెస్తుంది.

6. పసిపిల్లల వస్తువులు కుట్టేవాళ్లకు

దత్తత అనగానే పసిపిల్లల వస్తువులు కుట్టాలనిపించడం సహజం. అయితే జాగ్రత్తలు గట్టిగా పాటించాలి. ఏడాదిలోపు పిల్లలు పడుకునేచోట దిండ్లు, మందపాటి బొంతలు, మంచం చుట్టూ కట్టే మెత్తలు ఉండకూడదన్నది వైద్యుల సలహా. ఊపిరాడకుండా పోయే ప్రమాదం ఉంది కాబట్టి అలాంటివి నిద్ర కోసం అంటూ అమ్మనే వద్దు.

3 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు గుండీ కళ్లు, పూసలు, గంటలు పెట్టకండి. కళ్లు దారంతో కుట్టండి. బొమ్మల భద్రత పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టం వాడతారు. ఊడివచ్చిన ముక్క అందులో పూర్తిగా ఇమిడిందంటే పసివాళ్ల గొంతుకు అడ్డం పడగలదని అర్థం. మెడ దగ్గర లాగి కట్టే తాళ్లు కూడా వద్దు. చాలా దేశాల్లో పిల్లల బొమ్మలు, దుస్తులు అమ్మడానికి పరీక్షలు, లేబుళ్లు తప్పనిసరి. అంత శ్రమ పడలేమనుకుంటే పెద్దవాళ్ల వస్తువులకే పరిమితం కావడం మంచిది. చంటిపిల్లల తల్లిదండ్రులు వాడుకునే డైపర్ పౌచు లాంటివి కుట్టుకోవచ్చు.

7. ధర కట్టడం

మన శ్రమకు వెల కట్టడానికి మనకే సిగ్గు. ముడిసరుకు ఖర్చు రాబట్టుకుని, పైన ఏదో కాస్త వేసి ఇచ్చేస్తాం. అప్పుడు దత్తత కోసం కూడబెట్టే నిధిలో పడేదీ కాస్తే.

ధరలో ఇవన్నీ ఉండాలి: బట్ట, లైనింగు, బక్రం, జిప్పు. దారం, సూదులు, కరెంటు, మిషన్ సర్వీసింగు. ప్యాకింగు. అమ్మే వేదిక తీసుకునే కమీషను, డబ్బు జమ అయ్యేటప్పుడు పోయే రుసుము. పాడైన ముక్కల నష్టం. వీటి తర్వాత మీ గంటల కూలి. కుట్టేది మీరే, ఆ కూలి చివరికి నిధిలోకే వెళ్తుంది. అయినా విడిగా లెక్కలో రాయాలి. రేపు మీకు తీరిక లేక ఇంకొకరికి కూలి ఇచ్చి కుట్టించాల్సి వస్తే ధర తట్టుకోవాలి కదా.

ఉదాహరణకు 100కు అమ్మిన వస్తువులో ముడిసరుకు 22, ప్యాకింగు 6, దారం, కరెంటు వగైరా 4, కమీషన్లు 8 పోతే మిగిలేది 60. ఆ 60 మీ కూలీ లాభం కలిపిన మొత్తం. అదే నిధికి వెళ్తుంది. కాబట్టి "మీరిచ్చే ప్రతి పైసా దత్తతకే" అని ఎక్కడా రాయొద్దు. "ఖర్చులు పోగా మిగిలినదంతా" అనండి. అదే నిజం.

దత్తత పేరు చెప్పి మార్కెట్టు కంటే రెట్టింపు ధర పెట్టడం నాకు ఇష్టం లేదు. దగ్గరివాళ్లు ఒకసారి కొంటారు, మళ్లీ కనిపించరు. అదే సరైన ధర పెట్టి, ఎక్కువ ఇవ్వాలనుకున్నవాళ్లు ఇచ్చే అదనాన్ని విడిగా రాసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ అదనానికి స్థానిక నియమాలేమిటో మాత్రం కనుక్కోండి. చాలాచోట్ల ఒక కుటుంబానికి నేరుగా ఇచ్చిన డబ్బుకు, ఆ కుటుంబం దగ్గర కొన్న వస్తువుకు పన్ను మినహాయింపు రాదు. కొనేవాళ్లు అది విరాళం అనుకోకుండా ముందే చెప్పాలి.

8. కార్డు మీద రాసే నాలుగు మాటలు

ప్రతి వస్తువుతో చిన్న కార్డు వెళ్తుంది. అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించాల్సింది దీని గురించే.

ఆ కార్డును పదిహేనేళ్ల తర్వాత మీ బిడ్డ చదువుతుందనుకుని రాయండి. "ఒక అనాథను కాపాడుతున్నాం", "ఈ పౌచు కొంటే ఒక బిడ్డకు ఇల్లు దొరుకుతుంది" లాంటి వాక్యాలు అమ్మకాలు పెంచుతాయేమో. కానీ తనను ఇంటికి తెచ్చింది జాలి అని ఆ బిడ్డకు చెప్పేదీ అవే. మీకు బిడ్డ కావాలి, బిడ్డకు కుటుంబం కావాలి. ఇందులో ఎవరూ ఎవరికీ ఉపకారం చేయడం లేదు.

ఫోటో ఉండకూడదు. పేరు ఉండకూడదు. ఏ ఊరు, కన్నవాళ్ల పరిస్థితి ఏమిటి, ఆరోగ్యం ఎలా ఉంది అన్నవేవీ ఉండకూడదు. దత్తత చట్టబద్ధంగా పూర్తయ్యేదాకా ఈ వివరాలు బయటపెట్టడం చాలాచోట్ల నిషేధం కూడా. పూర్తయ్యాక చెప్పాలా వద్దా అన్నది ఆ బిడ్డ నిర్ణయం.

మరి ఏం రాయాలి? ఇలా రాస్తే సరిపోతుంది:

"ఈ పౌచును మా ఇంట్లోనే కుట్టాం. పైబట్ట, లైనింగు నూలు. చేత్తో ఉతికి నీడలో ఆరబెట్టండి. దీని మీద ఖర్చులు పోగా మిగిలిన డబ్బును మా దత్తత ప్రక్రియలో హోమ్ స్టడీ, పత్రాల ఖర్చుకు వాడుతున్నాం. ప్రక్రియ ఏ కారణం వల్లనైనా ఆగిపోతే, ఈ డబ్బును మా మరో దత్తత ప్రయత్నానికే ఉంచుతాం. కొన్నందుకు కృతజ్ఞతలు."

ప్రక్రియ ఆగిపోతే డబ్బు ఏం చేస్తారన్న వాక్యం ముందే తేల్చుకోవాలి. దత్తతలో ఆలస్యాలు, ఆగిపోవడాలు జరుగుతాయి. ఒక బిడ్డ విషయం కుదిరినట్టే కుదిరి వెనక్కి పోవచ్చు. ఆ బాధలో ఉన్నప్పుడు "మా డబ్బు ఏమైంది" అనే ప్రశ్నకు జవాబు వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. మరో ప్రయత్నానికి ఉంచుతారా, పిల్లల సంక్షేమానికి ఇస్తారా, దంపతులిద్దరూ కూర్చుని మొదటి వస్తువు అమ్మకముందే రాసిపెట్టుకోండి.

9. అమ్మడం

మొదటి విడత తెలిసినవాళ్లకే. కానీ అందరికీ ఒకేసారి సందేశం పంపి వదిలేయకండి. ఐదారు నమూనాలు కుట్టి, ఫోటోలు తీసి, ముందస్తు ఆర్డర్లు తీసుకోండి. ఏ రంగు ఎవరికి కావాలో తెలిశాకే బట్ట కొంటే డబ్బు ఇరుక్కోదు.

ఫోటోలకు ఖరీదైన కెమెరా అక్కర్లేదు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, లేతరంగు దుప్పటి మీద పెట్టి తీయండి. ఒకటి ఎదురుగా, ఒకటి తెరిచి లోపలి లైనింగు కనబడేలా, ఒకటి చేత్తో పట్టుకున్నట్టు. సైజు అర్థం కాకే సగం మంది కొనకుండా వెళ్లిపోతారు.

బయట స్టాలు పెడితే ప్రతి వస్తువుకూ ధర చీటీ కట్టండి. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. చిల్లర ముందే సిద్ధంగా ఉంచుకోండి, ఫోనులో కట్టే వీలూ ఉండాలి. తలకు పెట్టుకునేవి ఉంటే చిన్న అద్దం పెట్టండి. వచ్చినవాళ్లకు ముందు కుట్టు గురించి చెప్పండి: జిప్పు లాగి చూపించండి, లోపలి జేబు చూపించండి. దత్తత సంగతి వాళ్లు కార్డు చదివి అడిగితే చెప్పవచ్చు. ప్రశ్నలు హద్దు దాటితే, "ఎవరి బిడ్డ, ఏమైంది" లాంటివి వస్తే, "ఆ వివరాలు బిడ్డవి, మేం చెప్పం" అని నవ్వుతూ ఆపేయండి. ఈ జవాబు ఇంట్లో ఒకటి రెండుసార్లు పైకి అనుకుని చూసుకోండి. అప్పటికప్పుడు నోట రాదు.

ఆర్డరు మీద కుట్టే పెద్ద వస్తువులకు ముడిసరుకు ఖర్చంత అడ్వాన్సు తీసుకోవాలి. కొలత, రంగు, తేదీ రాసి పంపి, వాళ్ల చేత సరే అనిపించుకోవాలి. బంధువులైనా ఇంతే.

10. లెక్కల పుస్తకం

నిధికి విడిగా ఒక బ్యాంకు ఖాతా ఉంచండి. పుస్తకంలో తేదీ, వస్తువు, ధర, ఖర్చులు, మిగులు, ఎవరి దగ్గర బాకీ ఉందో రాయండి. వారం వారం మిగులును ఆ ఖాతాలోకి మార్చేయండి. ఇంటి ఖర్చుకు చేబదులు తీసుకుంటే తిరిగి పడదు.

అమ్మకాల ఆదాయంపై పన్ను ఉండవచ్చు. చిన్న వ్యాపారంగా నమోదు కావాల్సిన అవసరం కూడా రావచ్చు. మీరు ఉండేచోట పన్ను తెలిసినవాళ్లను మొదట్లోనే అడగండి. హోమ్ స్టడీలో డబ్బు ఎక్కడిదని అడిగినప్పుడు ఈ పుస్తకమే మీ జవాబు.

ఒంటినీ లెక్కలో వేసుకోండి. గంటకోసారి లేచి నడవాలి. మెడ వంచి కుట్టకుండా మిషన్ ఎత్తు సరిచేసుకోవాలి. రాత్రి దీపం వెలుతురు చాలక కళ్లు మండుతుంటే ఆ పూటకు ఆపేయాలి. బిడ్డ వచ్చాక నిద్రలేని రాత్రులు ఎలాగూ ఉంటాయి. వెన్నునొప్పి ఇప్పుడే కొని తెచ్చుకోవద్దు.

11. ఫోను వచ్చిన రోజు నుంచి

బిడ్డ విషయం ఖరారైందని కబురు వచ్చిన రోజే కొత్త ఆర్డర్లు ఆపేయండి. అప్పటికే తీసుకున్నవాటి జాబితా వేసి, మీరు కుట్టగలిగినవి ఉంచుకుని, మిగతావి కుట్టగలిగే స్నేహితులకు అప్పగించండి. అది కూడా కుదరకపోతే అడ్వాన్సు తిరిగి ఇచ్చేయండి. సరిగ్గా చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. కొత్తగా వచ్చిన బిడ్డకు మొదటి నెలల్లో కావాల్సింది మీ ఒడి, మీ గొంతు, మీ సమయం. మిషన్ మీద ముసుగు వేసి పెట్టండి.

ఖాతాలో ఎంత వచ్చింది, ఏ దశకు ఎంత కట్టారు, ఏమైనా మిగిలిందా అన్నది కొన్నవాళ్లందరికీ ఒక చిన్న సందేశంగా పంపండి. అంకెలు మాత్రమే, బిడ్డ ఫోటో వద్దు. మిగిలిన బట్ట, జిప్పులు ఉంటే ఇదే దారిలో ఉన్న మరో కుటుంబానికి ఇవ్వవచ్చు. మీ పాటర్న్‌లు, గంట లెక్కల కాగితం కూడా వాటితో పాటు పెట్టి ఇవ్వండి.